దిండు మీద వెంట్రుకలు: ఒక నెథర్టన్ సిండ్రోమ్ కేస్ స్టడీ

గుంటూరులో చర్మవ్యాధులకు వైద్యం చేసే నాకు ఒళ్ళంతా ఎర్రబడి, పొట్టు రాలుతూ, గోక్కుంటూ వచ్చే పసిపిల్లలు కొత్త కాదు. వారిలో ఎక్కువమందికి ఉండేది అటోపిక్ ఎగ్జిమా, అంటే అలర్జీ స్వభావంతో వచ్చే దురద జబ్బు. దాన్ని గుమ్మంలోనే గుర్తుపట్టగలనన్న ధీమా ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నాకూ వచ్చేసింది. ఆ ధీమాతో, నెథర్టన్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు చర్మవ్యాధి ఉన్న ఒక పాపకు రెండు నెలలకు పైగా వేరే జబ్బుకు చేయవలసిన వైద్యం చేశాను. అందులో కొన్ని వారాల పాటు ఆమెకు హాని చేసింది జబ్బు కాదు, నేను రాసిన మందు. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం అదే. తల్లిదండ్రుల అనుమతి తీసుకున్నాను. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలు వదిలేసి, వయసులను, కాలాన్ని కొద్దిగా అటూ ఇటూ జరిపాను. వైద్యం నడిచిన క్రమాన్ని మాత్రం మార్చలేదు.

నేపథ్యం

పాప తొలి కాన్పు బిడ్డ. నెలలు నిండాకే, 2.6 కిలోల బరువుతో పుట్టింది. పుట్టిన రోజే ఒళ్ళంతా ఎర్రగా ఉందని, మూడో రోజు నుంచి సన్నటి పొట్టు లేవడం మొదలైందని తల్లి చెప్పింది. చర్మం పొలుసులు కట్టే, పుట్టుకతో వచ్చే కొన్ని రకాల ఇక్తియోసిస్‌లో బిడ్డ ఒంటికి అతుక్కుని కనిపించే పారదర్శకమైన కొల్లోడియన్ పొర ఉన్నట్టు కాన్పు కాగితాల్లో ఎక్కడా లేదు. రెండో వారంలో పాప పాలు తాగడం మానేసి మగతగా పడి ఉంటే విజయవాడలోని ఒక ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ రక్తంలో సోడియం 164 వచ్చింది, ఉండవలసినదానికంటే బాగా ఎక్కువ. తల్లిపాలు చాలక ఒంట్లో నీరు తగ్గిందని రాసి, సెలైన్ పెట్టి, పదకొండు రోజుల తరువాత ఇంటికి పంపారు.

ఆ అంకెను నేను మొదటి రోజే చదివాను, చదివి దాటిపోయాను. పాలు చాలని బిడ్డల్లోనూ సోడియం పెరుగుతుంది, నిజమే. అయితే ఎర్రటి ఒంటితో పుట్టిన బిడ్డలో అదే అంకెకు మరో అర్థం ఉంది. చర్మం నీటిని లోపల నిలపలేక ఆవిరి చేసేస్తోందని అది చెబుతుంది. అటోపిక్ ఎగ్జిమా సాధారణంగా రెండు, మూడు నెలల వయసులో బుగ్గల మీద మొదలవుతుంది కానీ, పుట్టిన రోజే ఒళ్ళంతా ఎర్రబరిచి, రెండో వారానికి సోడియాన్ని 160 దాటించదు.

తల్లిదండ్రులది మేనరికం. అందులోనూ తల్లి పెళ్ళాడింది తన సొంత మేనమామను. అంటే పాపకు నాయనమ్మ అయిన పెద్దావిడే పాప తల్లికి అమ్మమ్మ. తండ్రి మిర్చి యార్డులో పనిచేస్తాడు. గుంటూరు చుట్టుపక్కల వేలమంది చేసే పనే కనుక చెప్పడానికి సంకోచించడం లేదు. పైగా ఆ వివరానికి ఈ కేసులో పని ఉంది.

నా దగ్గరకు వచ్చేసరికి పాపకు చాలా వైద్యాలే జరిగాయి. పుట్టిన నెల నుంచి రోజూ నూనె పట్టించి సున్నిపిండితో నలుగు పెట్టారు. వేపాకు నీళ్ళు పోశారు. పొట్టు పోతే మంచి చర్మం వస్తుందన్న నమ్మకంతో గట్టిగా రుద్దారు. ఒక డాక్టరు గజ్జి అన్నారు, ఇంకొకరు తామర అన్నారు, మూడోవారు ఎగ్జిమా అని హైడ్రోకార్టిసోన్ రాశారు. చివరికి మందుల షాపులో ఇచ్చిన ఒక క్రీము పనిచేసింది. క్లోబెటసాల్‌లో యాంటీబయాటిక్‌ను, ఫంగస్ మందును కలిపిన క్రీము అది; క్లోబెటసాల్ చాలా బలమైన స్టెరాయిడ్. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందే అయినా చీటీ అడిగినవారు లేరు. ఐదు నెలలుగా, నెలకు ఆరు ట్యూబుల చొప్పున, తలనుంచి కాళ్ళదాకా రాస్తున్నారు.

మొదటి రోజు

పాపకు అప్పుడు 26 నెలలు, బరువు 8.1 కిలోలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పటంలో ఆ వయసు ఆడపిల్లలకు గీసిన అట్టడుగు గీతకు కూడా అది కిందే. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి, బుగ్గలు మాత్రం నిండుగా గుండ్రంగా ఉన్నాయి. "తిన్నదంతా మొహానికే పడుతోంది డాక్టరు గారూ" అన్నది నాయనమ్మ. నిజానికి అది తిండి చలవ కాదు, క్లోబెటసాల్ చేసిన పని. అడ్రినల్ గ్రంథులు తయారుచేసే సహజ స్టెరాయిడ్ అయిన కార్టిసాల్‌ను ఉదయం రక్తంలో పరీక్ష చేయిస్తే డెసిలీటరుకు 1.2 మైక్రోగ్రాములే వచ్చింది, చాలా తక్కువ. బయటి నుంచి వచ్చిపడుతున్న స్టెరాయిడ్‌కు అలవాటుపడి పాప అడ్రినల్ గ్రంథులు పని మానేశాయన్నమాట.

మొదటి నిర్ణయం ఇక్కడే తీసుకోవలసి వచ్చింది. క్రీమును ఒక్కసారిగా ఆపితే చర్మం మళ్ళీ మండిపోతుంది. అది భరించగలిగే కష్టమే. అయితే గ్రంథులు నిద్రపోతున్న సమయంలో జ్వరమో విరేచనాలో వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల క్లోబెటసాల్‌ను ఆపి, శరీరం మామూలుగా తయారుచేసుకునేంత మోతాదులో మాత్రమే నోటిద్వారా హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టాను. జ్వరం వస్తే ఆ మోతాదును రెండు మూడు రెట్లు పెంచాలని ఒక అట్ట ముక్క మీద తెలుగులో రాసి, దాన్ని ఎప్పుడూ పాప సంచిలోనే ఉంచమన్నాను. పిల్లల వైద్య నిపుణులు ఒకరు మొదటి నుంచీ నాతో కలిసి చూశారు. ఈ నిర్ణయం విషయంలో నాకు ఇప్పటికీ విచారం లేదు.

విచారమంతా రెండో నిర్ణయం గురించే. ఒళ్ళంతా ఎర్రబడిన పసిపిల్లలో ఆలోచించవలసిన జబ్బుల వరుస నాకు తెలియనిది కాదు. జింకు లోపమా అని పరీక్ష చేయించాను, సరిపడా ఉంది. అయినా మూడు వారాలు జింకు ఇచ్చి చూశాను, మార్పు లేదు. రోగనిరోధక శక్తి లోపంతో వచ్చే ఓమెన్ సిండ్రోమేమోనని లింఫోసైట్ల లెక్క తీయించాను. అదీ సరిగానే ఉంది. ఆ తరువాత, అలర్జీ ఉన్నవారి రక్తంలో పెరిగే ఐజీఈ అనే యాంటీబాడీ ఫలితం వచ్చింది: 5,200. గుడ్డు పెట్టిన రెండుసార్లూ పెదవులు వాచాయని తల్లి చెప్పింది. దురద ఉంది, అలర్జీ ఉంది, ఐజీఈ వేలల్లో ఉంది. ఇక ఎగ్జిమాయే అని స్థిరపడ్డాను. ఐజీఈ ఎక్కువగా ఉందంటే, అలర్జీని కలిగించే పదార్థాలు ఎక్కడో అడ్డూ ఆపూ లేకుండా లోపలికి వెళుతున్నాయని మాత్రమే అనుకోవచ్చు. ఏ జబ్బు ఆ దారి తెరిచిందో అది చెప్పదు. తెలిసిన ఈ సంగతిని ఆ పూట నేను గుర్తుచేసుకోలేదు.

జుట్టు సంగతి కూడా మొదటి రోజే నా చెవిన పడింది. పాప తలమీద అంగుళం కూడా లేని, మొద్దుబారిన, పొడి జుట్టు ఉంది. వెనుక భాగంలో దాదాపు లేదు. పుట్టు వెంట్రుకలు తిరుపతిలో ఇస్తామని మొక్కుకున్నారట. "రెండేళ్ళు దాటినా ఇవ్వడానికి జుట్టేదీ? ఈ పిల్లకు మంగలి అక్కర్లేదు డాక్టరు గారూ, దిండే గొరిగేస్తోంది. పొద్దున లేపితే దిండంతా తుంపులు తుంపులు, చీపురు ముక్కలైనట్టు" అన్నది నాయనమ్మ. ఆ మాటను విని నేను కేసు షీటులో రాసుకున్నది ఇది: జుట్టు పలచన, పోషకాహార లోపం వల్ల కావచ్చు. ఆవిడ చెప్పింది జుట్టు రాలడం గురించి కాదు, విరగడం గురించి. పోషకాహార లోపంలో వెంట్రుక కుదురుతో ఊడి వస్తుంది. ముక్కలు ముక్కలుగా విరుగుతోందంటే లోపం వెంట్రుక కాడలోనే ఉందన్నమాట. ఆవిడ చూసి చెప్పిన తేడాను నేను రాతలో చెరిపేశాను.

పనిచేసినట్టు కనిపించిన మందు

స్టెరాయిడ్‌తో ఇంత దెబ్బతిన్న పాపకు చర్మం మీద మళ్ళీ స్టెరాయిడ్ రాయకూడదు. మరి ఎగ్జిమాను తగ్గించేదెలా? అలాంటి చోట మేము రాసేది స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్. చర్మంలో రోగనిరోధక చర్యను అణచి మంట తగ్గిస్తుంది. చర్మాన్ని పలచబరచదు, అడ్రినల్ జోలికి పోదు. రెండేళ్ళు దాటిన పిల్లలకు 0.03 శాతం మందు వాడవచ్చు. ఎగ్జిమా అన్న మొదటి మాట నిజమైతే ఈ తర్కంలో వంక పెట్టడానికేమీ లేదు.

మొదట ముఖానికి, మెడకు, మోచేతి మడతలకు మాత్రమే రాయమన్నాను. రెండు వారాల్లో ఎరుపు సగానికి తగ్గింది. పాప రాత్రిళ్ళు నిద్రపోతోందని తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ సంతోషంలో నేను కూడా కొట్టుకుపోయి, ఒంటికీ కాళ్ళూ చేతులకూ కూడా రెండు పూటలా రాయమన్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ వేగమే ఒక హెచ్చరిక. ఏళ్ళ తరబడి ఆ బలమైన స్టెరాయిడ్‌కు తప్ప దేనికీ లొంగని చర్మం ఇంత తేలికైన మందుకు ఇంత త్వరగా లొంగితే, మందు చర్మంలోనే ఆగుతోందా, రక్తంలోకి చేరి లోపలి నుంచి కూడా పనిచేస్తోందా అని అడగవలసింది.

ఒళ్ళంతా రాయడం మొదలుపెట్టిన మూడో వారంలో పాపను వాంతులతో తీసుకొచ్చారు. జ్వరం లేదు, విరేచనాలు లేవు. పాలగ్లాసు పట్టుకుంటే చేయి వణికి పాలు ఒలికిపోతున్నాయని తల్లి చెప్పింది. అడ్రినల్ సంక్షోభమేమోనని, అంటే ఒంట్లో సహజ స్టెరాయిడ్ చాలక ప్రాణం మీదికి వచ్చిందేమోనని ముందు భయపడ్డాం. అట్టముక్క మీద రాసిన ప్రకారం హైడ్రోకార్టిసోన్ పెంచి, సోడియం, చక్కెర చూశాం. రెండూ మామూలుగానే ఉన్నాయి. బీపీ 116/76 వచ్చింది. చంటిపిల్లల పట్టీతో మరో రెండుసార్లు చూసినా అంతే. అడ్రినల్ సంక్షోభంలో బీపీ పడిపోవాలి. ఈ పాపకు ఆ వయసుకు ఉండవలసినదానికంటే పెరిగింది. కారణం సరిపోవడం లేదని ఒప్పుకోవలసి వచ్చింది.

వాంతులు, చేతి వణుకు, పెరిగిన బీపీ. ఈ మూడింటినీ కలిపి చూడడం అలవాటున్నది కిడ్నీ వైద్యులకు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారికి టాక్రోలిమస్ మోతాదు ఎక్కువైతే వచ్చే లక్షణాలు అవే. పూత మందుకు రక్తపరీక్ష ఏమిటని మా ల్యాబులో అబ్బాయి ఆశ్చర్యపోయాడు. మర్నాడు ఫలితం వచ్చింది: మిల్లీలీటరుకు 14.6 నానోగ్రాములు. మార్పిడి తరువాత మాత్రలు మింగేవారిలో 5 నుంచి 15 మధ్య ఉంచుతారు. అంటే కేవలం చర్మం మీద రాసిన మందుతో ఆ పాప ఒంట్లో రోగనిరోధక శక్తిని మార్పిడి రోగికి అణచినంతగా అణచివేశాను. మందు ఆ గంటలోనే ఆపాం. నాలుగో రోజుకు స్థాయి 3 కి దిగింది, పదో రోజుకు పరీక్షకు అందలేదు. బీపీ మామూలు స్థితికి వచ్చింది. కిడ్నీ పరీక్షలు చెడలేదు.

తండ్రిని కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను రాసిన మందే పాప ఒంట్లోకి ఎక్కువగా వెళ్ళి ఈ పని చేసిందన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత "అందరికీ ఇలా వెళ్ళదా సార్?" అని అడిగాడు. ఈ కేసులో వేసుకోవలసిన అసలు ప్రశ్న అదే. దాన్ని నాకంటే ముందు ఆయన వేశాడు.

మళ్ళీ మొదటి నుంచి

టాక్రోలిమస్ అణువు భారం దాదాపు 800 డాల్టన్లు. 500 దాటిన అణువులు ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని దాటి లోపలికి వెళ్ళడం కష్టం. ఎగ్జిమాతో పచ్చిగా ఉన్న చర్మంలోంచి మొదటి రోజుల్లో కొంత వెళుతుంది. మందుతో మంట తగ్గి చర్మం మానేకొద్దీ ఆ దారి దానంతట అదే మూసుకుపోతుంది. ఈ మందును ఎగ్జిమాలో ధైర్యంగా వాడగలగడానికి ఆ గుణమే కారణం. ఈ పాపలో ఎరుపు తగ్గినా దారి మూసుకుపోలేదు. అంటే గోడ మంట వల్ల కూలలేదు, కట్టినప్పుడే సరిగా కట్టలేదు. అలాంటి చర్మమున్న పిల్లల్లో ఈ ఆయింట్‌మెంట్ రక్తంలోకి చేరిన సంగతి 2001లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ పిల్లలకున్న జబ్బు పేరు నెథర్టన్ సిండ్రోమ్. చదువుకున్న రోజుల్లో పరీక్షకోసం బట్టీపట్టిన పేరు. ఒక్క రోగినీ చూసి ఎరగను.

పేరు తట్టగానే ఒప్పేసుకుంటే మళ్ళీ మొదటి తప్పే చేసినట్టవుతుంది. పాపను బట్టలన్నీ తీసి, కిటికీ వెలుతురులో, మొదటిసారి చూస్తున్నట్టు చూశాను. స్టెరాయిడ్ క్రీము ఆగి రెండు నెలలు దాటింది, టాక్రోలిమస్ ఆగి పది రోజులైంది. ఇన్నాళ్ళూ ఆ రెండూ కప్పిపెట్టిన బొమ్మ వీపు మీద బయటపడింది. మెలికల ముగ్గు వేసినట్టు వంకర్లు తిరిగిన ఎర్రటి చారలు, ఒక్కో చారకు లోపలి అంచునా బయటి అంచునా రెండు వరుసల పొట్టు. వారం వారం ఫోనులో ఫొటో తీయమని తల్లికి చెప్పాను. మూడు వారాల ఫొటోలను పక్కపక్కన పెడితే చారలు చోటు మారుతూ పాకుతున్నాయి. ఎగ్జిమా మచ్చ మడతల్లో ఉన్నచోటనే మందమవుతుంది తప్ప ఇలా ప్రయాణం చేయదు.

ఇక జుట్టు. నెథర్టన్ సిండ్రోమ్‌లో వెంట్రుక కాడ మీద వెదురుకు ఉన్నట్టు గణుపులు ఉంటాయి. తలమీది నుంచి పది వెంట్రుకలు కత్తిరించి మైక్రోస్కోపు కింద పెట్టాను. చివరలు విరిగి ఉన్నాయి, అంతకుమించి ఏమీ లేదు. ఆ రోజు దాదాపు ఆశ వదులుకున్నాను. ఇంటికి వెళ్ళే దారిలో నా పొరపాటు తోచింది. పట్టుకోవడానికి వీలుగా ఉంటాయని పొడవాటి వెంట్రుకలు ఏరి తీశాను. గణుపు ఉన్నచోటే వెంట్రుక విరుగుతుంది కనుక, పొడవుగా మిగిలిందంటే అది గణుపు లేని మంచి వెంట్రుక అయి ఉండే అవకాశమే ఎక్కువ. జబ్బున్న వెంట్రుకలన్నీ నాయనమ్మ దులిపేసే దిండు గలీబులో ఉన్నాయి.

తరువాతి వారం కనుబొమ్మల దగ్గరకు వెళ్ళాను. ఈ జబ్బులో తలవెంట్రుకల కంటే కనుబొమ్మల్లోనే లోపం తరచుగా దొరుకుతుంది. చర్మాన్ని పెద్దదిగా చూపే డెర్మోస్కోపు పెట్టగానే పొట్టిపొట్టి వెంట్రుకలు, కొన్నిటి కొసన అగ్గిపుల్ల తలలా చిన్న బుడిపె కనిపించాయి. ఆరు వెంట్రుకలు పీకి, నూనెచుక్కలో పరిచి, పైన పలుచటి గాజు మూత పెట్టి చూశాను. మూడింటిలో ఏమీ లేదు. నాలుగోదానిలో, నడిమికి కొంచెం కిందగా, వెదురు గణుపు. కింది ముక్క గిన్నెలా విచ్చుకుని ఉంది, పైముక్క బంతిలా ఉబ్బి ఆ గిన్నెలో కూరుకుపోయి ఉంది. ఆరోదానిలో పైముక్క విరిగిపోయి, గిన్నె ఒక్కటే మిగిలింది. ట్రైకోరెక్సిస్ ఇన్‌వాజినేటా అనే ఈ గణుపు నెథర్టన్ సిండ్రోమ్‌కు దాదాపు సంతకం లాంటిది.

పాకే చారలను కోమెల్ అనే ఇటాలియన్ వైద్యుడు 1949లో వర్ణించాడు. వెదురు వెంట్రుకలను ఒక బాలికలో అమెరికన్ చర్మవైద్యుడు నెథర్టన్ 1958లో చూపాడు. ఆ రెండూ ఒకే జబ్బుకు చెందినవని తరువాత తేలింది. కారణమైన స్పింక్-5 జన్యువు 2000లో దొరికింది. సుమారు రెండు లక్షల కాన్పులకు ఒకటి అన్నది తరచుగా చెప్పే అంచనా. ఎగ్జిమా అని పేరు పెట్టేసిన పిల్లల్లో కొందరు ఈ లెక్కకు చిక్కి ఉండరని ఈ పాపను చూశాక నాకు అనిపిస్తోంది.

చర్మం పై పొరలోని కణాలు ఒకదానినొకటి గొళ్ళేలతో పట్టుకుని ఉంటాయి. కాలం తీరిన కణాలను వదిలించడానికి కల్లిక్రీన్లనే ఎంజైములు ఆ గొళ్ళేలను కోస్తాయి. అవి అతిగా కోయకుండా అదుపు చేసే ప్రొటీను లెక్టి. దాన్ని తయారుచేయించేది స్పింక్-5. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే ఆ జన్యువు రెండు ప్రతులూ చెడితే లెక్టి ఉండదు, కల్లిక్రీన్లకు అదుపు ఉండదు, కాలం తీరని పొర కూడా ఊడిపోతుంది. నీరు బయటికి పోతుంది; క్రిములు, అలర్జీ పదార్థాలు, పూసిన మందులు లోపలికి వస్తాయి. సోడియం 164, ఐజీఈ 5,200, టాక్రోలిమస్ 14.6. మూడు అంకెలూ ఒకే చిల్లుకు సాక్ష్యం.

జన్యు పరీక్షకు రక్తం హైదరాబాదు పంపాం. నలభై రోజుల తరువాత వచ్చిన నివేదికలో స్పింక్-5 రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు ఉంది. తల్లిలోనూ తండ్రిలోనూ ఒక్కో ప్రతిలోనే ఆ మార్పు ఉంది.

ఏది పనిచేసింది

ఫలితం కోసం ఎదురుచూడకుండానే వైద్యం మార్చాం, ఎందుకంటే చేయవలసినదాంట్లో ఎక్కువ భాగం మానడమే. సున్నిపిండి, నలుగు, వేపాకు నీళ్ళు, సబ్బు మానిపించాం. గోరువెచ్చని నీళ్ళతో ఐదు నిమిషాల స్నానం, మెత్తటి గుడ్డతో అద్దడం, ఒళ్ళు తడిగా ఉండగానే వాసనా రంగూ లేని మామూలు పెట్రోలియం జెల్లీ రోజుకు నాలుగైదుసార్లు. మిగతా ఇక్తియోసిస్‌లలో పొట్టు కరిగించడానికి రాసే శాలిసిలిక్ యాసిడ్, యూరియా క్రీములను ఈ పాపకు ఎవరు రాసినా వాడవద్దని అట్టముక్క వెనుక రాశాను. టాక్రోలిమస్ దాటిన గోడను అవి ఇంకా తేలికగా దాటుతాయి. నోటితో ఇచ్చే, విటమిన్ ఏ జాతి మందులైన రెటినాయిడ్ల గురించి ఆలోచించి వద్దనుకున్నాను. అసలే పలచనైన పొరను అవి ఇంకా పలచబరుస్తాయి. ఇమ్యూనోగ్లోబ్యులిన్, డుపిలుమాబ్ వంటి ఇంజెక్షన్లు కొందరు పిల్లల్లో మేలు చేశాయని తల్లిదండ్రులకు చెప్పాను. ఖరీదూ చెప్పాను. ప్రస్తుతానికి వాటి దగ్గరకు వెళ్ళలేదు.

ఎక్కువ మేలు చేసింది తిండి అని నా నమ్మకం. చర్మం గుండా నీటితో పాటు వేడి పోతుంది, పొట్టుతో పాటు మాంసకృత్తులు పోతాయి. ఈ పిల్లలు తిన్నది ఒళ్ళు పెరగడానికి మిగలదు. గుడ్డు మానిపించి, పప్పు, నెయ్యి, వేరుశనగ ఉండలు పెంచుదామనుకున్నాం. వేరుశనగకు దద్దుర్లు వచ్చాయి, దాన్నీ ఆపి నువ్వులతో ప్రయత్నించాం, అవి సరిపడ్డాయి. అలర్జీ భయంతో ఒక్కొక్కటీ మానేస్తూ పోతే పాప ఆకలితోనే పడిపోతుంది కనుక, తిన్నప్పుడు నిజంగా ఇబ్బంది పెట్టినవాటిని మాత్రమే ఆపాం. రక్తపరీక్షలో వచ్చిన పొడవాటి అలర్జీ జాబితాను పక్కన పెట్టాం.

ఒక చిక్కు మాత్రం చాలా రోజులు తెగలేదు. సాయంత్రం ఏడు దాటాక పాప చేతులు, మెడ ఉన్నట్టుండి ఎర్రబడి, గుక్కపట్టి ఏడ్చేది. ఇన్ఫెక్షనని రెండుసార్లు యాంటీబయాటిక్ ఇచ్చాను. ఆదివారాలు రావడం లేదని తల్లి గమనించింది. ఆదివారం తండ్రికి సెలవు. మిగతా రోజుల్లో తండ్రి ఇంటికి రాగానే పాప ఎగిరి చంకనెక్కేది; ఆయన చొక్కా నిండా మిరపకాయల దుమ్ము. మామూలు చర్మమైతే తుమ్ములతో పోయేది. ఈ చర్మానికి కారం పూసినట్టే. వీధి కుళాయి దగ్గరే స్నానం చేసి, దండెం మీది ఉతికిన చొక్కా వేసుకుని లోపలికి రావడం మొదలుపెట్టాక ఆ ఏడుపులు ఆగిపోయాయి.

ఎండాకాలం ఇంకో పరీక్ష. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అలాంటి వేడిలో నీరు నిలవని చర్మంతో ఉన్న బిడ్డకు దాహం ఎంతో ఎవరికీ అంచనా ఉండదు. మజ్జిగ, ఓఆర్ఎస్ పూటకింతని లెక్క రాసి ఇచ్చాం. మొదటి వేసవిలో ఒకసారి సోడియం 151 దాకా వెళ్ళి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. తరువాతి వేసవి ఇంట్లోనే గడిచింది. హైడ్రోకార్టిసోన్‌ను మెల్లగా తగ్గిస్తూ తొమ్మిదో నెలలో ఆపగలిగాం.

నాయనమ్మ అడిగిన ప్రశ్న

జన్యు నివేదిక చెప్పే రోజున ముగ్గురినీ రమ్మన్నాను. అప్పటిదాకా ఇంట్లో నింద తల్లి మీదే ఉంది. గ్రహణం నాడు బయట తిరిగిందని కొందరు, పథ్యం చేయలేదని కొందరు. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి, రెండూ కలిస్తేనే జబ్బు అని కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. మేనమామకు, మేనకోడలికి పుట్టిన బిడ్డకు ఒకే పూర్వీకుల జన్యువు రెండు వైపుల నుంచీ చేరే అవకాశం ఎనిమిదింట ఒకటి; మామూలు మేనరికంలో అది పదహారింట ఒకటి. బొమ్మలో రెండు గీతలూ పైకి వెళ్ళి ఒకేచోట కలిశాయి. నాయనమ్మ ఆ చోట వేలు పెట్టి, "ఇది నేనా, మా ఆయనా?" అని అడిగింది.

పరీక్ష చేస్తే చెప్పవచ్చు. చేయకూడదని అప్పటికే నిర్ణయించుకుని ఉన్నాను, కారణమూ ఆవిడకు చెప్పాను. జవాబు ఏదైనా పాప వైద్యం మారదు, తరువాతి కాన్పు లెక్క మారదు. ఆవిడ మనసులో ఒక ముల్లు మాత్రం దిగుతుంది. "మీ ఇద్దరిలో ఒకరమ్మా. ఎవరైనా తెలిసి ఇచ్చింది కాదు. ఇలాంటి మార్పులు నాలోనూ కొన్ని ఉండే ఉంటాయి" అన్నాను. ఆవిడ మనవరాలి తల నిమిరి ఊరుకుంది. ఆ రోజు తరువాత గ్రహణం మాట ఇంట్లో రాలేదని తల్లి చెప్పింది.

తరువాతి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒకటి అవకాశముంది. గర్భం 11, 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి ఇదే మార్పు ఉందో లేదో చూడవచ్చు. 1994 నాటి చట్టం నిషేధించింది లింగం చెప్పడాన్ని. ఇలాంటి జన్యులోపం కోసం గుర్తింపు పొందిన కేంద్రంలో చేసే పరీక్షను కాదు. ఈ తేడా తెలియక చాలామంది అడగడానికే జంకుతారు. వారు నిర్ణయం చెప్పలేదు, నేనూ తొందరపెట్టలేదు.

ప్రస్తుతం

పాపకు ఇప్పుడు ఐదేళ్ళు దాటాయి. బరువు 14 కిలోలు. వీపు మీద చారలు వస్తూ పోతూ ఉన్నాయి, చలికాలంలో ఎక్కువ. బడిలో వేశారు, అది అంటుకునే జబ్బు కాదని టీచరుకు ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. ఈ జబ్బులో వయసుతో పాటు జుట్టు కొంత మెరుగుపడుతుంది. ఈ పాపకూ మెడ దాకా వచ్చింది.

మొక్కు తీర్చుకోవచ్చా అని నాయనమ్మ పోయిన ఏడాది అడిగింది. ఆ తలమీద మంగలి కత్తి పడితే గాట్లు పడి చీము పట్టే ప్రమాదముంది కనుక గుండు వద్దన్నాను. ఆడపిల్ల కదా, మూడు కత్తెర్లు ఇచ్చినా మొక్కు చెల్లుతుందని ఆవిడే దారి చెప్పింది. తిరుపతి నుంచి వచ్చాక లడ్డూతో పాటు ఒక మడత కాగితం నా బల్ల మీద పెట్టింది. లోపల వెంట్రుకలున్నాయి. పొడవైనవి ఏరలేదని, ప్రయాణానికి ముందు రోజు దిండు మీద పడినవన్నీ తెచ్చానని చెప్పింది. మధ్యాహ్నం ఓపీ అయ్యాక స్లైడు మీద పరిచాను. ఇరవై రెండు ముక్కలున్నాయి, ఐదింటిలో గణుపు ఉంది.